ఇంటి పాత ఫొటోలు: ముందు పేర్లు, తర్వాతే స్కానింగ్

కార్వేటినగరంలో కానీ, పుత్తూరు, నగరి వైపు కానీ మన ఇళ్ళల్లో చాలాచోట్ల బీరువా పై అరలో ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంటుంది. లేకపోతే మంచం కింద సందూక్. అందులో దాదా నికా నాటి స్టూడియో ఫొటో, హజ్‌కు పోయేముందు పాస్‌పోర్టు కోసం తీయించిన చిన్న ఫొటో, కువైట్ నుంచి చాచా ఉత్తరంలో పెట్టి పంపిన రంగుల ఫొటో కలగలిసి పడి ఉంటాయి. కొన్నింటి వెనక ఉర్దూలో పెన్సిల్‌తో ఒక లైను రాసి ఉంటుంది. రాసిన మనిషి ఇప్పుడు లేరు. డబ్బా తీసిన మనవడికి తెలుగు, ఇంగ్లీషు చదవడం వచ్చు, ఉర్దూ మాట్లాడటమే తప్ప చదవడం రాదు. ఫొటో చేతిలోనే ఉంది, అందులో ఉన్నది ఎవరో మాత్రం తెలియదు.

పాత ఫొటోలు అనగానే అందరూ ముందు స్కానింగ్ గురించి అడుగుతారు. నిజానికి కాగితం ఇంకో యాభై ఏళ్ళు ఆగగలదు. ఆ ముఖాలకు పేర్లు చెప్పగలిగిన నానీ, దాదీ అన్నాళ్ళు ఆగలేరు. అందుకే ఈ వ్యాసంలో పని వరస ఇలా ఉంటుంది: ముందు పేర్లు, తర్వాత భద్రం, ఆ తర్వాత నకళ్ళు, చివరగా ఎవరు చూడొచ్చన్న నిర్ణయం.

ఒక మాట ముందే చెప్పుకుందాం. ఫొటోల విషయంలో ఉలమాల అభిప్రాయాలు వేర్వేరుగా ఉన్నాయి. ఈ వ్యాసం ఆ చర్చలోకి పోదు. గోడకు తగిలించని ఇళ్ళల్లో కూడా పెట్టెలో దాచుకున్నవి ఉంటాయి. అలా దాచుకోవాలనుకున్న కుటుంబాల కోసమే ఇది.

ఒక్కచోటికి చేర్చడం

ఏదీ పారేయకుండా, ఏదీ అతికించకుండా, ముందు ఇంట్లో ఉన్నవన్నీ ఒకచోట చేర్చండి. అన్నదమ్ముల ఇళ్ళల్లో, ఆడపిల్లల అత్తగారిళ్ళల్లో ఉన్నవాటిని లాక్కురావద్దు. అవి అక్కడే ఉండనీండి, ఎవరి దగ్గర ఏముందో ఒక నోటుబుక్కులో రాసుకుంటే చాలు. ఒకే కవర్లో, ఒకే ఆల్బమ్‌లో కలిసి దొరికినవాటిని విడదీయకండి. పేరు తెలియని ఫొటో ఏ గుంపులో దొరికిందన్నదే ఒక్కోసారి మనకున్న ఒకే ఆధారం.

ప్రతి ఫొటోకూ ఒక నంబరు ఇవ్వండి. 001, 002 అని వరసగా ఇస్తే చాలు. నోటుబుక్కులో అదే నంబరు ఎదురుగా వివరాలు రాస్తారు, స్కాన్ చేసినప్పుడు ఫైలుకూ అదే నంబరు పెడతారు.

పెద్దవాళ్ళను అడగడం

ఒక్కసారికి ఇరవై ఫొటోలు, అరగంట సమయం, అంతకు మించి వద్దు. అసర్ నమాజు తర్వాత చాయ్ తాగే వేళ మంచిది. ఫోన్లో రికార్డింగ్ పెట్టి, ఆ సంగతి ముందే చెప్పి, ఒక్కో ఫొటో చేతికివ్వండి. కళ్ళు సరిగా కనిపించకపోతే ఫోన్లో ఫొటో తీసి పెద్దది చేసి చూపించండి. రికార్డింగ్ మొదట్లో తేదీ, మాట్లాడుతున్నవారి పేరు, ఫొటో నంబరు గట్టిగా చెప్పడం మర్చిపోవద్దు.

“ఇదెవరు?” అని మాత్రమే అడిగితే ఒక్క పేరుతో ఆగిపోతారు. “ఈ ఫొటో తీసిన రోజు ఏం జరిగింది? ఎవరింట్లో? ఈ చీర ఎవరిది? ఇందులో లేనివాళ్ళు ఎవరు, ఎందుకు రాలేదు?” అని అడిగితే మాట సాగుతుంది. తెలియదంటే వదిలేయండి. బలవంతపెడితే ఊహించి చెబుతారు. ఇద్దరు పెద్దలు రెండు పేర్లు చెబితే రెండూ రాయండి, ఎవరు ఏది చెప్పారో కూడా రాయండి.

ఆడవాళ్ళ పేర్ల దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. మగవాళ్ళ పేర్లు పట్టాదారు పాసుబుక్కులో, రిజిస్ట్రేషన్ పత్రాల్లో, మసీదు చందా పుస్తకంలో ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. పాతకాలపు ఆడవాళ్ళ విషయంలో “ఫలానావారి భార్య”, “ఫలానావారి తల్లి” అన్నదే మిగులుతుంది. ముత్తమ్మమ్మ అసలు పేరు ఈ రోజు ఇంట్లో ఒకరిద్దరికే తెలిసి ఉండవచ్చు. అందుకే ఇంట్లో అందరికన్నా పెద్దావిడ దగ్గర్నించే మొదలుపెట్టండి. ఇంటికి కోడలిగా వచ్చినావిడకు పుట్టింటి వైపు వాళ్ళూ, మెట్టినింటి వైపు వాళ్ళూ ఇద్దరూ తెలుసు.

ఏం రాయాలి, ఎలా రాయాలి

“నానీ, 1972” అని రాస్తే ముప్పై ఏళ్ళ తర్వాత ఎవరి నానీ అన్న ప్రశ్న వస్తుంది. మీ నానీ మీ మామూ పిల్లలకు దాదీ. కాబట్టి వరస ఒక్కటే రాస్తే సరిపోదు. పూర్తి పేరు, తండ్రి పేరు లేదా భర్త పేరు, ఊరు రాయాలి. మన దగ్గర మస్తాన్, ఖాదర్ బాషా, మహబూబ్ బాషా, దస్తగిరి లాంటి పేర్లు ఒకే ఖాందాన్‌లో ముగ్గురు నలుగురికి ఉంటాయి. ముందు షేక్ అని చేర్చినా తేడా తెలియదు. తండ్రి పేరు, ఊరు ఉంటేనే ఎవరో తేలుతుంది. ఇంట్లో పిలిచే ముద్దు పేరు ఉంటే అదీ చేర్చండి.

గ్రూపు ఫొటో అయితే “కూర్చున్నవారు ఎడమ నుంచి కుడికి”, “నిలబడ్డవారు ఎడమ నుంచి కుడికి” అని వరసలవారీగా రాయాలి. తెలియని మనిషి దగ్గర ఖాళీ వదలకుండా “తెలియదు” అని రాయండి. లేకపోతే లెక్క తప్పి ఒకరి పేరు ఇంకొకరికి పోతుంది.

ఫొటో వెనక బాల్‌పెన్నుతో రాయవద్దు. నొక్కిన గీత ముందువైపు ఉబ్బుగా కనిపిస్తుంది, ఇంకు పక్క ఫొటోకు అంటుకుంటుంది. పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటోల వెనకవైపు మామూలు కాగితంలా ఉంటుంది. దానిమీద 2బి లాంటి మెత్తటి పెన్సిల్‌తో, అంచు దగ్గర, నొక్కకుండా నంబరు మాత్రం వేస్తే చాలు. తర్వాతి కాలపు రంగుల ఫొటోల వెనకవైపు ప్లాస్టిక్‌లా నున్నగా ఉంటుంది కాబట్టి పెన్సిల్ పడదు. అలాంటివాటిని ఒక్కోటీ ఒక్కో కాగితపు కవర్లో పెట్టి, కవరు మీదే రాయండి. ఫొటో లోపల పెట్టకముందే రాసుకోవాలి.

వెనక ఉన్న ఉర్దూ రాత, హిజ్రీ సన

వెనక ఏదైనా రాసి ఉంటే ఆ వైపు కూడా ఫొటో తీసి పెట్టుకోండి. ఉర్దూ చదవగలిగిన పెద్దవారి చేత గానీ, మసీదు ఇమాం సాబ్ చేత గానీ, ఉర్దూ స్కూలు టీచరు చేత గానీ చదివించి, ఉన్నది ఉన్నట్టుగా తెలుగు లిపిలో నోటుబుక్కులోకి ఎక్కించండి. పక్కనే అర్థం రాయండి. అసలు రాతను చెరపవద్దు, దానిమీద దిద్దవద్దు. ఆ చేతిరాత కూడా దాచుకోవలసిందే.

ఉర్దూ అంకెల్లో సున్నా ఒక చుక్క మాత్రమే. అయిదు తిరగేసిన గుండె ఆకారంలో ఉంటుంది. అక్షరాలు కుడి నుంచి ఎడమకు పోయినా అంకెలను మాత్రం ఎడమ నుంచి కుడికే చదవాలి. సన పక్కన దో చష్మీ హే ఉంటే అది హిజ్రీ, హమ్జా లాంటి చిన్న గుర్తు ఉంటే ఈస్వీ. హిజ్రీ సనను 0.97తో గుణించి 622 కలిపితే ఈస్వీ సంవత్సరం సుమారుగా వస్తుంది. 1378 హిజ్రీ అని ఉంటే లెక్క 1958–59 దగ్గర తేలుతుంది. హిజ్రీ 1400వ సంవత్సరం 1979 నవంబరులో మొదలైంది. ఈ ఒక్కటి గుర్తుంచుకున్నా దాన్ని పట్టుకుని మిగతావి పోల్చుకోవచ్చు.

సంవత్సరం తెలియనప్పుడు

పెద్దవాళ్ళు సంవత్సరాలు చెప్పరు, సంగతులు చెబుతారు. ఆ సంగతులను పట్టుకునే సంవత్సరాన్ని తేల్చవచ్చు.

రంజాన్ ఏ కాలంలో వచ్చిందో అడగండి. హిజ్రీ సంవత్సరం మన క్యాలెండరు కంటే సుమారు 11 రోజులు చిన్నది. అందుకే రంజాన్ ఏటా ముందుకు జరుగుతూ, దాదాపు 33 ఏళ్ళకు మళ్ళీ అదే కాలానికి వస్తుంది. “మామిడిపళ్ళ కాలంలో పండగ చేసుకున్నాం” అంటే 1985–88 మధ్య కావచ్చు, మళ్ళీ అలా వచ్చింది 2018–21 మధ్య. “చలికి వణుకుతూ సహరీకి లేచేవాళ్ళం” అంటే 1965–67 ప్రాంతం గానీ, 1997–2000 ప్రాంతం గానీ. 2000వ సంవత్సరంలోనైతే ఈదుల్ ఫితర్ రెండుసార్లు వచ్చింది, జనవరిలో ఒకటి, డిసెంబరులో ఒకటి. ఫొటోలో ఉన్న పిల్లల వయసు చూస్తే రెండు కాలాల్లో ఏదో తేలిపోతుంది.

హజ్‌కు ఓడలో పోయిన ఫొటో అయితే అది 1995కు తర్వాతిది కాదు. ముంబై నుంచి జిద్దాకు ఓడ ప్రయాణం ఆ ఏడాదితో ఆగిపోయింది. కువైట్ ఫొటో అయితే “యుద్ధానికి ముందా, తర్వాతా?” అని అడగండి. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది 1990 ఆగస్టు 2న.

స్టూడియో ముద్ర కూడా చూడండి. “మద్రాస్” నగరం పేరు అధికారికంగా చెన్నైగా మారింది 1996లో. కాబట్టి మద్రాస్ అని ఉంటే చాలావరకు అంతకు ముందుదే. చిరునామాలో ఉన్న రాష్ట్రం, జిల్లా కూడా కాలాన్ని చెబుతాయి. కార్వేటినగరం ప్రాంతం 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఉత్తర ఆర్కాటులో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1960లో తిరుత్తణి మద్రాసు వైపు పోయింది. 2022 ఏప్రిల్ 4న పుత్తూరు తిరుపతి జిల్లాలో చేరింది, కార్వేటినగరం చిత్తూరు జిల్లాలోనే ఉంది. అందుకే మీరు వివరాలు రాసేటప్పుడు జిల్లా పేరు ఒక్కటే రాయకండి. ఊరి పేరు తప్పకుండా ఉండాలి.

ఇలా తేల్చిన సంవత్సరం ముందు “సుమారు” అని రాయండి. లెక్కగట్టినదానికీ, రాసి ఉన్నదానికీ తేడా మీ తర్వాతివాళ్ళకు తెలియాలి.

ఇంట్లో ఎక్కడ దాచాలి

ఫొటోలకు శత్రువులు నాలుగు: వేడి, తేమ, వెలుతురు, పురుగు. మన వైపు ఎండాకాలంలో వేడి 40 డిగ్రీలు దాటుతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన పడుతుంది. మిద్దె కింద అటకమీద పెడితే ఎండాకాలం ఉడికిపోతాయి. నేలమీద పెడితే వానాకాలం చెమ్మ పీలుస్తాయి. బయటి గోడకు ఆనించిన బీరువాలోనూ చెమ్మ చేరుతుంది. ఇంటి మధ్య గదిలో, లోపలి గోడవైపు, నేలకు అడుగు పైన ఉన్న అర మంచిది. వంటగది పక్క గది వద్దు.

పెట్టేముందు చేతులు కడిగి ఆరబెట్టుకోండి. ఫొటోను అంచులు పట్టుకుని ఎత్తండి. యాసిడ్ లేని కాగితపు కవర్లు స్టేషనరీ షాపుల్లో అడగండి, ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతాయి. ప్లాస్టిక్ కవరు వాడితే పాలీప్రొపైలిన్ లేదా పాలియెస్టర్ అని ఉన్నదే తీసుకోండి. ఘాటైన వాసన వచ్చే మెత్తటి పీవీసీ కవర్లు కొన్నాళ్ళకు ఫొటోకు అంటుకుపోతాయి. న్యూస్‌పేపర్లో చుట్టడం, రబ్బరు బ్యాండు వేయడం, పిన్ను కొట్టడం, సెల్లోటేపు అతికించడం, లామినేషన్ చేయించడం, ఈ అయిదూ వద్దు. లామినేషన్ చేస్తే మళ్ళీ వెనక్కి తీసుకోలేం.

నాఫ్తలీన్ ఉండలు ఫొటోలున్న పెట్టెలో వేయకండి. రామబాణం పురుగు, చెదలు రాకుండా ఉండాలంటే రెండు నెలలకొకసారి పెట్టె తీసి చూడటమే మంచి మందు. సిలికా జెల్ పొట్లాలు పెడితే వాటిని మారుస్తూ ఉండాలి, ఫొటోలకు తగలకుండా పెట్టాలి.

అతుక్కుపోయినవి

1980ల నుంచి వచ్చిన జిగురు పేజీల ఆల్బమ్‌లు, పైన ప్లాస్టిక్ పొర ఎత్తి ఫొటో పెట్టేవి, మన పెళ్ళిళ్ళలో చాలా వాడారు. ఆ జిగురు పసుపు పచ్చగా మారి ఫొటోను పాడుచేస్తుంది. ముందు పేజీ పేజీకి ఫోన్లో ఫొటో తీసుకోండి. ఆ తర్వాత పళ్ళు శుభ్రం చేసుకునే సన్నటి దారాన్ని ఫొటో కిందికి పోనిచ్చి, మెల్లగా రంపంలా లాగితే చాలావరకు ఊడివస్తుంది. రాకపోతే ఆపేయండి, పేజీతో సహా కత్తిరించి దాచండి.

ఫ్రేములో అద్దానికి అంటుకున్న ఫొటోను అసలు లాగవద్దు. లాగితే ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కాన్ చేయించండి, లేదా పక్కనుంచి వెలుతురు పడేలా పెట్టి ఫొటో తీయండి.

నకళ్ళు తీయడం

పోస్టుకార్డు సైజు వరకు ఉన్న ఫొటోలను 600 డీపీఐలో స్కాన్ చేయాలి. పాస్‌పోర్టు సైజువి 1200లో, ఏ4 అంత పెద్దవి 300లో చేసినా చాలు. షాపులో చేయిస్తే మీరు దగ్గరే కూర్చోండి, ఫొటోలు వదిలేసి రావద్దు. రంగు మార్చకుండా, మచ్చలు తుడవకుండా ఉన్నది ఉన్నట్టుగా ఒక ఫైలు ఇమ్మని అడగండి. బాగుచేయించాలంటే దాని కాపీ మీద చేయించుకోవచ్చు.

స్కానరు లేకపోతే ఫోన్ చాలు. కిటికీ దగ్గర నీడలో, ఫ్లాష్ లేకుండా, ఫొటోను చదునుగా పరిచి, ఫోన్‌ను సరిగ్గా దానికి సమాంతరంగా పట్టుకుని తీయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు పోతుంది. ఫైలు పేరులో నంబరు, సంవత్సరం, ఊరు, సందర్భం పెట్టండి: “014-సుమారు1968-కార్వేటినగరం-నికా” అన్నట్టు.

మూడు నకళ్ళు, రెండు రకాల చోట్ల, ఒకటి వేరే ఊళ్ళో అన్నది పాటించదగ్గ లెక్క. ఒకటి ఇంట్లో కంప్యూటరులో, ఒకటి హార్డ్‌డిస్కులో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న అన్నయ్య దగ్గరో క్లౌడ్‌లోనో. ఈ లెక్క ఎందుకో కువైట్ నుంచి వచ్చినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. 1990లో సుమారు లక్షా 70 వేల మంది భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చారు. చాలామంది కట్టుబట్టలతో వచ్చారు. అక్కడి గదిలో ఉన్న ఆల్బమ్ పోయినా, అంతకుముందు ఊరికి ఉత్తరంలో పంపిన ఫొటో ఉంటే అదే మిగిలింది.

గూగుల్‌లో ఉచితంగా వచ్చేది 15 జీబీ, అందులోనే మెయిళ్ళూ, ఫొటోలూ అన్నీ. రెండేళ్ళు వాడకుండా వదిలేసిన అకౌంటును ఆ కంపెనీ తీసేయవచ్చు. కుటుంబం ఫొటోలన్నీ ఒక్క మనిషి అకౌంటులో ఉండి, ఆ మనిషి చనిపోతే పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. కనీసం ఇద్దరికి దారి తెలిసి ఉండాలి. హార్డ్‌డిస్కును ఏడాదికొకసారి తెరిచి చూడండి, నాలుగైదేళ్ళకు కొత్తదానిలోకి మార్చండి.

ఎవరు చూడొచ్చు

మన ఇళ్ళల్లో గొడవలు వచ్చేది ఇక్కడే. ఎవరో ఉత్సాహంగా పాత నికా ఫొటోలు గ్రూపులో పెడతారు. అందులో పర్దా పాటించే ఖాలా ఉంటుంది. ఆ ఫొటో ఎక్కడిదాకా పోయిందో ఎవరికీ తెలియదు.

ఇది కొత్త సమస్యేమీ కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టారు. దాన్ని నడిపింది కూడా ఒక మహిళే, మిసెస్ కెన్నీ లెవిక్. పర్దా పోకుండా ఫొటో తీయించుకునే వీలు ఆనాడే కల్పించారు. దీన్‌దయాళ్ గాజు నెగెటివ్‌లు 2,857 ఈనాడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి.

మీ ఫొటోలను మూడు భాగాలు చేసుకోండి: ఇంట్లోవాళ్ళకే, ఖాందాన్‌కు, అందరికీ. ఫొటోలో ఉన్నావిడ బతికి ఉంటే ఆమెనే అడగాలి. ఆమె భర్తనో కొడుకునో అడిగితే సరిపోదు. చనిపోయి ఉంటే ఆమె ఎలా బతికిందో చూసి పిల్లలంతా కలిసి నిర్ణయించుకోవాలి. అనుమానం ఉంటే మొదటి భాగంలోనే ఉంచండి. నోటుబుక్కులో ప్రతి నంబరు పక్కనా ఏ భాగమో రాస్తే రేపు పిల్లలకు సందేహం ఉండదు. పాత పాస్‌పోర్టులు, సివిల్ ఐడీల నకళ్ళు గ్రూపుల్లో పెట్టవద్దు.

తడిసిపోతే

2021 నవంబరు వానలకు తిరుపతి వీధుల్లో నీళ్ళు నిలిచాయి, అదే నెల 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. అలాంటి రోజున ముందు మనుషులు. నీళ్ళు తీసిన తర్వాత ఫొటోలకు సుమారు 48 గంటల సమయం ఉంటుంది, ఆ లోపు బూజు మొదలవుతుంది.

తడిసిన ఫొటోలను ఒకదానిమీద ఒకటి ఆరనివ్వకండి, అంటుకుపోతాయి. బురద ఉంటే చల్లటి శుభ్రమైన నీళ్ళలో మెల్లగా ఆడించి తీయండి, ముఖం వైపు వేలితో రుద్దవద్దు. గుడ్డమీద బొమ్మ పైకి ఉండేలా పరిచి నీడలో, ఫ్యాను గాలి తగిలేలా ఆరబెట్టండి. ఎండలో వద్దు, ఇస్త్రీ వద్దు. అన్నీ ఒకేసారి చేయలేకపోతే మధ్యమధ్య మైనపు కాగితం పెట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి ఫ్రీజర్లో పెట్టండి. తర్వాత కొన్నికొన్ని తీసి ఆరబెట్టుకోవచ్చు. పాతకాలపు బ్లాక్ అండ్ వైట్‌వి, నెగెటివ్‌లు లేనివి ముందు చూసుకోండి.

ఎక్కడ మొదలుపెట్టాలి

డబ్బా మొత్తం చూస్తే భయం వేస్తుంది. వచ్చే జుమ్మా రోజు ఇరవై ఫొటోలు, ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు తీసుకుని ఇంట్లో అందరికన్నా పెద్దావిడ పక్కన కూర్చోండి. మొదట ఆమె తల్లి ఫొటో ఉందేమో వెతికి చేతికివ్వండి. ఆ తల్లి అసలు పేరేమిటో అడిగి, ఆవిడ చెప్పినట్టుగా రాయండి. స్కానింగ్ వచ్చే నెల చేసుకున్నా ఫరవాలేదు.